‘ఇప్పుడున్న కాలిబాట’ సముద్రంలో పడ్డాక

మెయిన్ రాష్ట్రం అమెరికా మ్యాపులో ఈశాన్యం కొసన ఉంటుంది. పేరు మెయిన్, ఉన్నది మూల అని మా నాన్న జోకు. ఇక్కడి తీరంలో ఒక చిన్న ల్యాండ్ ట్రస్టులో నేను స్టీవార్డ్‌ని. దాతలు ఇచ్చిన భూముల్ని చూసుకోవడం నా పని. హద్దులు తిరగాలి, కాలిబాటలు బాగుచేయాలి, గాలికి పడిన చెట్లు కోసి పక్కకి లాగాలి, ఏడాదికోసారి ప్రతి భూమి మీదా రిపోర్టు రాయాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివి హైవేలు వేద్దామని వచ్చినవాణ్ణి, రెండడుగుల బాటల దగ్గర తేలాను.

ఈ కథ మా చేతిలో ఉన్న ఒక తీరపు ప్రిజర్వ్‌ది, అంటే ఉన్నదున్నట్టు కాపాడటానికి ఉంచిన స్థలానిది. ఊరి పేరూ, దాత కుటుంబం పేరూ రాయను. 2024 జనవరిలో మూడు రోజుల తేడాతో వచ్చిన రెండు తుపానులకి అక్కడి కాలిబాటలో ఒక ముక్క సముద్రంలో కలిసిపోయింది. బాటని కాస్త లోపలికి జరపాలి, అంతే. వేసవికల్లా అయిపోతుందనుకున్నాం. పద్దెనిమిది నెలలు పట్టింది. అందులో పార పట్టుకున్న రోజులు నెలన్నర కూడా ఉండవు. మిగతా కాలమంతా దస్తావేజులో ఒక్క మాట చుట్టూ తిరిగాం.

తీరం ఎవరిది

ఇక్కడి తీరం సంగతి ముందు కొంచెం చెప్పాలి, లేకపోతే ఒక కాలిబాట కోసం ఇంత గొడవేంటి అనిపిస్తుంది. మనకి బీచ్ అంటే అందరిదీ. కాకినాడలోనైనా భీమిలిలోనైనా ఇసుక మీదకి దిగడానికి ఎవర్నీ అడగం. మెయిన్‌లో అలా కాదు. 1640ల నాటి మసాచుసెట్స్ కాలనీ ఆర్డినెన్సు ఒకటుంది. మెయిన్ 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగమే కాబట్టి అది ఇక్కడ కూడా వేళ్ళూనుకుంది. దాని ప్రకారం ఒడ్డున స్థలం ఉన్నవాళ్ళకి పోటు నీళ్ళు చేరే గీత వరకే కాదు, ఆటులో బయటపడే బురదా రాళ్ళూ కూడా సొంతం. జనానికి అక్కడ మిగిలిన హక్కులు మూడు: చేపలు పట్టడం, పక్షుల్ని వేటాడటం, పడవ నడపడం. ఊరికే షికారుగా నడవడం ఆ మూడింట్లోకీ రాదని 1989లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఒక బీచ్ కేసులో తేల్చింది. ఆ గొడవ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ కోర్టుకెక్కింది. తుపాకీ పట్టుకుని బాతుల కోసం తిరగొచ్చు కానీ చేతులూపుకుంటూ నడవకూడదన్నమాట. కొత్తగా వచ్చినప్పుడు నేను నమ్మలేదు.

అందుకే ఇక్కడ సముద్రం పక్కన నాలుగడుగులు నడవాలంటే చాలాచోట్ల ఎవరో ఒకరు భూమి ఇచ్చి ఉండాలి. ఈ తీరంలోనే ఉన్న అకేడియా నేషనల్ పార్కే అలా పుట్టింది. చార్ల్స్ ఎలియట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చొరవతో 1891లో మసాచుసెట్స్‌లో, జనం కోసం అందమైన చోట్లని ట్రస్టు కింద ఉంచే సంస్థ మొదలైంది. ఆయన 1897లో చిన్నవయసులోనే పోయాడు. హార్వర్డ్ ప్రెసిడెంటుగా ఉన్న తండ్రి కొడుకు ఆలోచనని మెయిన్‌కి తెచ్చి, 1901లో ఇక్కడ కూడా అలాంటి సంస్థ పెట్టించాడు. జార్జ్ డార్ అనే ఆయన దగ్గరుండి ఇల్లిల్లూ తిరిగి భూములు పోగుచేశాడు. 1916లో అవి ఫెడరల్ ప్రభుత్వం చేతికి వెళ్ళాయి, 1919లో నేషనల్ పార్క్ అయ్యాయి. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ వేల ఎకరాలు ఇవ్వడమే కాక, కార్లు రాని గుర్రపుబళ్ళ రోడ్లు మైళ్ళకొద్దీ వేయించాడు. పార్కులో ఉన్న 45 మైళ్ళ మీద ఇప్పుడు జనం నడుస్తున్నారు, సైకిళ్ళు తొక్కుతున్నారు. మా ట్రస్టులాంటి చిన్నవన్నీ ఆ చెట్టు నీడలో మొలిచిన మొక్కలే.

భూదానం అంటే మనకి పోచంపల్లి గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. అది లేనివాళ్ళు దున్నుకు బతకడానికి. ఇక్కడి దానం దానికి తలకిందులు: ఎవరూ దున్నకూడదు, కట్టకూడదు, ముక్కలు చేయకూడదు. నాకైతే ఇది మన గుడి మాన్యాలకి దగ్గరగా కనిపిస్తుంది. మాన్యం రాసినవాళ్ళు దీపం ఎన్నాళ్ళు వెలగాలో, నూనె ఖర్చు ఎక్కణ్ణుంచి రావాలో కూడా రాసేవాళ్ళు. మా దాత దీపం ఇచ్చింది, నూనెకి ఏమీ పెట్టలేదు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు కానీ ల్యాండ్ ట్రస్టులు మాత్రం లెక్కపెట్టి తీరాలి. ఇప్పుడు ఎవరైనా భూమి ఇస్తామంటే దాని నిర్వహణకి కొంత నిధి కూడా అడుగుతున్నాం. తొంభైల్లో అడిగేవాళ్ళు కాదు, మొహమాటం.

రెండు వాక్యాలు

మా దాత ఒక పెద్దావిడ. తొంభైల్లో తన స్థలాన్ని మా ట్రస్టుకి ఇచ్చింది. దాని మీద కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ కూడా రాసింది. భూమి ఎవరి పేరు మీద ఉన్నా సరే, ఫలానా పనులు చేసే హక్కుని శాశ్వతంగా వదులుకుంటున్నట్టు రాసే పత్రం అది. ఆ మాట తప్పకుండా చూసే కాపలా ఇంకో పెద్ద సంస్థ చేతిలో ఉంటుంది. మేం ఓనర్లం, వాళ్ళు కాపలాదార్లు.

ఆ పత్రంలో రెండు వాక్యాలు మా మెడకి చుట్టుకున్నాయి. ఒకటి, తీరం వెంట ‘ఇప్పుడున్న కాలిబాట’ని ఎప్పటికీ జనం నడవడానికి తెరిచి ఉంచాలి. రెండు, బాట నిర్వహణకి తప్ప పచ్చని చెట్టు కొట్టకూడదు. పత్రానికి జతగా, భూమి ఇచ్చిన రోజు ఎలా ఉందో చూపే బేస్‌లైన్ రిపోర్టు ఉంది: మ్యాపు, ఫొటోలు, ప్రతి ఫొటోకి దిక్కు, తేదీ. అందులో బాట ఎర్ర గీతతో గట్టు అంచునే ఉంది. ఆ అంచు ఇప్పుడు లేదు.

2024 జనవరి 10న ఆగ్నేయం గాలి, పోటు సమయానికి వచ్చిపడింది. 13న మళ్ళీ. ఆ రోజు పోర్ట్‌లండ్‌లో నీళ్ళు 14.57 అడుగులకి లేచాయి. 1978 నుంచి ఉన్న రికార్డు పోయింది. పెమక్విడ్ లైట్‌హౌస్ పక్కన గంట ఉండే ఇటుక గది గోడ పగిలింది, సౌత్ పోర్ట్‌లండ్‌లో పాత జాలరుల గుడిసెలు కొట్టుకుపోయాయి. మా దగ్గర అంత ఫొటోలకెక్కే నష్టమేం లేదు. సముద్రం గట్టు కింద పాదం తినేసింది, పైన బాట గాల్లో మిగిలింది. తర్వాత వారం మంచు కరగడం, వాన. మొత్తం జారిపోయింది.

మెయిన్ తీరమంటే అందరూ నల్లటి గ్రానైట్ రాళ్ళు ఊహించుకుంటారు. చాలాచోట్ల ఉన్నది నీలి బూడిదరంగు బంకమన్ను. మంచుయుగం చివర మంచు వెనక్కి తగ్గుతూంటే సముద్రం లోపలికొచ్చి పేర్చిపోయిన మన్ను అది. జియాలజిస్టులు ప్రెసంప్‌స్కాట్ ఫార్మేషన్ అంటారు. ఎండితే ఇటుక, తడిస్తే వెన్న. రాష్ట్ర జియలాజికల్ సర్వే ఏ గట్టు నిలకడ, ఏది కాదు అని మ్యాపులు కూడా వేసిపెట్టింది. మా గట్టు ఆ మ్యాపులో నిలకడ లేనిదని ఎప్పణ్ణుంచో ఉంది. చూశాం, ఫైల్లో పెట్టాం. ఇది మా మొదటి తప్పు, ఎవరి మీదా తోయడానికి లేదు.

నేను ఉప్పాడ గాలి పీల్చి పెరిగినవాణ్ణి. ప్రతి తుపానుకీ బీచ్ రోడ్డు తెగడం, మళ్ళీ రాళ్ళు పోయడం చూశాను. అందుకే మా కమిటీలో ఒకరు రాళ్ళు పోసి బాట నిలబెడదామన్నప్పుడు వెంటనే వద్దన్నాను. రాయి పోసిన చోట నిలబడుతుంది, దాని పక్కవాడి ఒడ్డు పోతుంది. పైగా అంత రాయికి మా ఏడాది బడ్జెట్ సరిపోదు.

‘ఇప్పుడున్న’ అంటే ఎప్పుడు

బాట లోపలికి జరపాలంటే చెట్లు కొట్టాలి. కొత్త బాట ‘ఇప్పుడున్న’ బాట కాదు. మొదటి వాక్యం నిలబెడితే రెండోది పోతుంది, రెండోది నిలబెడితే మొదటిది పోతుంది. మా బోర్డులో ఒకాయన, ఈజ్‌మెంట్‌ని సవరించేద్దాం, అయిపోతుంది అన్నాడు. అంత తేలిక కాదు. మెయిన్ చట్టం ప్రకారం భూమి సంరక్షణ విలువకి గట్టిగా దెబ్బ తగిలే సవరణ చేయాలంటే కోర్టుకి వెళ్ళాలి, అటార్నీ జనరల్‌ని పార్టీ చేయాలి. మాది అంత దెబ్బ కాదని మా నమ్మకం. కానీ సవరణ అనే మాట ఎత్తితేనే లాయర్ల మీటరు మొదలవుతుంది.

కాపలా సంస్థలో ఉన్నావిడ దారి చూపించింది. పత్రం మొదటి పేజీ చదవమంది. అక్కడ దాత ఉద్దేశం ఉంది: ఊరి జనం సముద్రం దాకా నడిచి వెళ్ళగలగాలి, అడవి అడవిలా ఉండాలి. ‘ఇప్పుడున్న’ అనే మాట ఆ ఉద్దేశానికి పనిముట్టే కానీ గీసిన గీత కాదని వాళ్ళు ఒప్పుకుంటే సవరణ అక్కర్లేదు. రాతపూర్వక అనుమతి, కొత్త మ్యాపు, కొత్త ఫొటోలు బేస్‌లైన్‌కి చేర్చడం చాలు. దాత కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడు. చట్టప్రకారం ఆయన్ని అడగనక్కర్లేదు. అయినా ఫోన్ చేశాను. ‘అమ్మ ఆ గట్టు మీద కూర్చోడానికి వెళ్ళేది. నడవడానికి కాదు’ అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. తర్వాత పనికొచ్చింది.

ఫిబ్రవరి గీత, ఏప్రిల్ కప్ప

రెండో తప్పు పూర్తిగా నాది. ఫిబ్రవరిలో మంచు మీద తిరిగి కొత్త దారికి రిబ్బన్లు కట్టాను. ఆకులు లేవు, చూపు దూరం ఆనుతుంది, వాలు చక్కగా కనిపిస్తుంది. గట్టుకి బాగా వెనక్కి, స్ప్రూస్ చెట్ల మధ్య, దాదాపు సమతలంగా గీత. చూసుకుని మురిసిపోయాను.

ఏప్రిల్ రెండో వారం ఒక వాన రాత్రి తర్వాత వెళ్ళాను. రిబ్బన్లకి కొంచెం అవతల బాతులు అరుస్తున్నట్టు వినిపించింది. బాతులు కాదు, వుడ్ ఫ్రాగ్స్. ఆ కప్పలు బెకబెకలాడవు, బాతుల్లా క్వాక్‌మంటాయి. నేను మంచు కింద చదునుగా ఉందని మురిసిన చోట చీలమండ లోతు గుంట, నల్లటి నీళ్ళు. మోకాళ్ళ మీద వంగి చూస్తే మునిగిన కొమ్మలకి జెల్లీ ముద్దల్లాంటి గుడ్లు, పిడికిలంత ఒక్కొక్కటి. ఇది వర్నల్ పూల్, ఎండాకాలానికి ఎండిపోయే గుంట. చేపలు ఉండవు కాబట్టి కప్పలూ, బల్లుల్లా ఉండే సాలమాండర్లూ అక్కడే గుడ్లు పెడతాయి. ముఖ్యమైనదని తేలిన గుంట చుట్టూ 250 అడుగులు రాష్ట్ర పర్యావరణ శాఖ పరిధిలోకి వస్తుంది. గుడ్ల ముద్దలు లెక్కపెట్టడానికి బయాలజిస్టుని పిలిచాం. నా గీత చెరిపేసి మళ్ళీ మొదటికొచ్చాం.

అప్పట్నుంచి ఒక రూలు పెట్టుకున్నాను: ఏ బాటైనా రెండుసార్లు నడవనిదే రిబ్బన్ కట్టను, ఆకులు లేనప్పుడు ఒకసారి, బురదలో ఒకసారి.

నాన్న చూసినవి

ఆ వేసవి నాన్న ఆరు నెలలకి వచ్చారు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఇంట్లో టీవీ ముందు కూర్చోలేక నాతో వచ్చేవారు. గేటు దగ్గర టికెట్టు లేదు, వాచ్‌మన్ లేడు.

‘ఏరా, ఎవడైనా పడి కాలు విరిగితే కేసు పెట్టడా?’ అన్నారు.

‘డబ్బులు తీసుకోకుండా నడవనిస్తే ఓనర్‌కి చట్టం రక్షణ ఇస్తుంది నాన్నా. కావాలని గొయ్యి తవ్వి పడేస్తే తప్ప.’

‘మంచి చట్టమే. మన దగ్గర గొయ్యి తవ్వినవాడికి కూడా ఏం కాదులే.’

పాత బాటలో మిగిలిన ముక్క మీద ఒకచోట నీళ్ళు నిలిచి ఉన్నాయి. అక్కడ బాట రెండడుగుల నుంచి పదడుగులకి సాగి ఉంది. నేను చెప్పులు... కాదు, బూట్లు తడిసినా మధ్యలోంచే నడవాలని స్టాఫ్‌కి చెప్పేవాణ్ణి, బోర్డు కూడా పెట్టించాను. నాన్న చూసి, ‘బురదలోంచి ఎవడు నడుస్తాడ్రా? పక్కనుంచే పోతాడు. రేపు పక్కన బురదవుతుంది, ఎల్లుండి ఇంకా పక్కకి. బోర్డు తీసేసి మెట్ట చేయి’ అన్నారు. నాలుగేళ్ళుగా పెట్టిన బోర్డు అది.

రెండో గీత మేమిద్దరం కలిసి గీశాం అనే చెప్పాలి. ఈసారి చదును కాదు, చిన్న వాలు పక్కగా. సమతలంలో నీళ్ళు నిలుస్తాయి, వాలుకి నిలువుగా వేస్తే బాటే కాలువవుతుంది. వాలుకి అడ్డంగా, పల్లం వైపు కొంచెం ఒరిగేలా వేస్తే నీళ్ళు బాట దాటి పోతాయి. తీరప్రాంతపు జోనింగ్ రూల్స్ కూడా కలిసొచ్చాయి. ఒడ్డుకి వెళ్ళే కాలిబాట ఆరడుగుల వెడల్పు దాటకూడదు, నీళ్ళ వైపు చూపు సొరంగంలా తెరుచుకోకూడదు. అంటే వంకర్లు తిరగాల్సిందే. పెద్ద చెట్లు తప్పించుకుంటూ వెళ్ళాం. చివరికి కొట్టినవి బొటనవేలు లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న ఫర్ మొక్కలే. కాపలా సంస్థ ఆవిడ వచ్చి ప్రతిదానికీ ఫొటో తీసుకుంది.

పలకలు

అనుమతులన్నీ వచ్చేసరికి శీతాకాలం. పని 2025లో బురద కాలం పోయాక మొదలైంది. ఒక తడి చోట తప్పించలేకపోయాం, అక్కడ బాగ్ బ్రిడ్జిలు వేశాం. పేరు బ్రిడ్జి అయినా ఉన్నది నేలకి జానెడు ఎత్తు: రెండు అడ్డ దుంగలు, వాటి మీద పక్కపక్కనే రెండు పలకలు. దుంగలకి తెల్ల సీడర్ వాడతాం, తడిలో కూడా తొందరగా పుచ్చదు. పార్కింగ్ దగ్గర్నుంచి ప్రతి పలకా భుజాల మీదే వెళ్ళాలి, బండి వెళ్ళదు. ఇద్దరు మోస్తే ముందున్నవాడు చెట్టు మలుపు తిరిగినప్పుడు వెనకవాడి పలక కొస చెట్టుకి తగులుతుంది, ముందువాడి మెడ మీద దెబ్బ. రెండో రోజుకి మా వాలంటీర్లు, అందరూ అరవై దాటినవాళ్ళే, ‘కుడి’, ‘ఎడమ’ అని అరుచుకుంటూ పల్లకీ బోయీల్లా తయారయ్యారు.

కష్టం అది కాదు. మేం పనిచేసిన జూన్‌లో బ్రౌన్‌టెయిల్ గొంగళిపురుగుల నూగు గాల్లో ఉంటుంది. మన గొంగళిపురుగు దురద దీని ముందు తక్కువే. ఆకులు కదిపితే చాలు, మెడ చుట్టూ దద్దుర్లు. జింకల మీంచి మనుషులకి పట్టుకునే పిడుదులయితే సరేసరి. సాయంత్రం కారెక్కే ముందు ఒకరి కాళ్ళు ఒకరం వెతుక్కోవడం ఇక్కడ మర్యాదే.

మూసిన బాట మూతపడదు

పాత బాట మీద తాడు కట్టి, ‘గట్టు ప్రమాదం, కొత్త దారిన వెళ్ళండి’ అని రాశాం. వారంలో తాడు కింద మనిషి దూరేంత దారి పడింది. చచ్చిన కొమ్మలు అడ్డం వేశాం. వాటిని చుట్టి ఇంకో దారి పడింది. నాకు చిరాకెత్తింది. చదువుకున్నవాళ్ళే, బోర్డు చదివినవాళ్ళే.

అప్పుడు దాత కొడుకు మాట గుర్తొచ్చింది. వాళ్ళు నడవడానికి వెళ్ళట్లేదు, సముద్రం ముందు కూర్చోడానికి వెళ్తున్నారు. మా కొత్త బాట బాగానే ఉంది, కానీ అడవిలో చాలాసేపు నడిచాక గానీ నీళ్ళు కనిపించవు. కొత్త బాట మొదట్లోనే బంకమన్ను ఆగి గ్రానైట్ బయటపడే చోటొకటి ఉంది. అక్కడికి ఒక కొమ్మ బాట తీశాం. బెంచీ పెట్టలేదు, రాయే చాలు. నెల తిరిగేసరికి తాడు దగ్గర దారిలో గడ్డి మొలిచింది. మేం వేసిన కొమ్మలకంటే ఆ రాయే బాగా పనిచేసింది.

ఇంకోటి మాత్రం తెమల్లేదు. మా బోర్డు మీద ‘సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు’ అని ఉంది. గుల్లలు తవ్వుకునేవాళ్ళు ఆటు ఎప్పుడుంటే అప్పుడు వస్తారు, తెల్లవారుజామున నాలుగింటికైనా సరే. వాళ్ళ తాతల నుంచీ ఈ దారినే ఒడ్డుకి దిగేవాళ్ళు. కొత్త బాట వాళ్ళకి చుట్టు. బురదలో ఈడ్చే స్లెడ్డు వంకర బాటలో తిరగదు. వాళ్ళలో మీటింగుకి వచ్చినాయన, ‘మీరు నడిచేవాళ్ళ కోసం అంతా చేశారు, పని చేసుకునేవాళ్ళని అడగలేదు’ అన్నాడు. నిజమే, అడగలేదు. చట్టంలో మూడు హక్కులూ ఉన్నవాడు ఆయన, ఏ హక్కూ లేని షికారువాళ్ళ కోసం మేం ఏడాదిన్నర తిరిగాం. పార్కింగ్ పక్కనుంచి స్లెడ్డు వెళ్ళేలా ఇంకో దారికి ఇప్పుడు కాపలా సంస్థతో మాట్లాడుతున్నాం. మళ్ళీ అదే పత్రం, అదే ‘ఇప్పుడున్న’.

గట్టుకి వెనక ఒక ఇనప మేకు పాతాం. ఏడాదికి రెండుసార్లు దాన్నుంచి అంచు దాకా టేపు పట్టి కొలుస్తున్నాను. పాతిన రోజు 22 అడుగులు. మొన్న కొలిస్తే 19. కొత్త బాటకి ఇంకా చాలా దూరం ఉంది. నాన్నకి ఫోన్లో చెప్తే, రెండో మేకు ఇప్పుడే పాతిపెట్టు, అది పడ్డాక వెతుక్కోకుండా, అన్నారు.